గోడ మీద ఈగ



ఈనాటి ప్రసంగంలో ఇంగ్లీషు భాషలోని ఒక నానుడిని గురించి చెప్పుకుందాం. ఆ నానుడి "ఎ ఫ్లై ఆన్ ది వాల్". మాటకు మాట పెడితే "గోడ మీద ఒక ఈగ" అవుతుంది. ఈగ ఏమిటో మనకు తెలుసు, గోడ ఏమిటో తెలుసు. కాని ఆ రెండూ కలిసి ఇంగ్లీషువాళ్ళ నోట ఏ అర్థాన్ని ఇస్తాయో మాత్రం అంత సులభంగా తట్టదు.

మన గౌరిబిదనూరు, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల పిల్లల చదువు ఎట్లాంటిదో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఆ రెండింటి మీద ఇంగ్లీషు. ఒక ఇంగ్లీషు వాక్యాన్ని పిల్లవాడు ముందు కన్నడంలోకి దించుకుంటాడు, ఆపైన తెలుగులో ఆలోచిస్తాడు. ఇన్ని గడపలు దాటేసరికి అర్థం ఒక్కోసారి దారి తప్పుతుంది.

ఒకనాడు తొమ్మిదవ తరగతిలో నల్లబల్ల మీద ఒక వాక్యం రాసి అర్థం చెప్పమన్నాను. "ఐ విష్ ఐ వర్ ఎ ఫ్లై ఆన్ ది వాల్ ఇన్ ది స్టాఫ్ రూమ్." ఒక పిల్లవాడు లేచి, "స్టాఫ్ రూము గోడమీద నొణ కూర్చొని ఉంది, మిస్" అన్నాడు. నొణ అంటే కన్నడంలో ఈగ. రెండవవాడు, "ఈగలు ఎక్కువైనాయి, శుభ్రం చేయించాల అని అర్థం" అన్నాడు. వెనక బెంచీలో ఒక ఆడపిల్ల బాగా ఆలోచించి, "గోడ మీది పిల్లి మాదిరి మిస్. ఎటు లాభముంటే అటు దూకేవాళ్ళు" అంది.

తరగతి అంతా నవ్వింది. నాకు మాత్రం ఆ పిల్ల జవాబు చాలా నచ్చింది. తప్పే, కాని ఆలోచించి చేసిన తప్పు. ఇది ఉన్నదున్నట్టు చదివే వాక్యం కాదు, నానుడి అని ఆమె పోల్చుకుంది. తన భాషలో గోడమీద ఎవరున్నారో వెతికింది. అక్కడ పిల్లి కనిపించింది.

నిజమే కదా! మన గోడల మీద చాలామంది ఉన్నారు. గోడమీది పిల్లి ఉంది, అది అవకాశవాది. బల్లి ఉంది. మాట మధ్యలో అది పలికితే ఆ మాట సత్యమని పెద్దలు వేలితో నేల తడతారు. కన్నడంలో "అడ్డగోడె మేలె దీప ఇట్టంతె" అంటారు. అడ్డగోడ మీద దీపం పెడితే వెలుగు ఇటూ అటూ సగం సగం పడుతుంది. ఎటూ తేల్చకుండా మాట్లాడేవారిని అలా అంటారు. ఇక గోడలకు చెవులుంటాయన్న మాట రెండు భాషల్లోనూ ఉంది. ఇందరున్నా, మన గోడమీద ఈగ మాత్రం లేదు.

పోనీ, ఈగ తెలుగులో వేరే ఏ పనులు చేస్తుందో చూద్దాం. అంగడిలో బేరం లేకపోతే "ఈగలు తోలుకుంటున్నాడు" అంటాం. బిడ్డను ఎంతో జాగ్రత్తగా పెంచే తల్లిని "బిడ్డమీద ఈగ వాలనివ్వదు" అంటాం. 2012లో వచ్చిన రాజమౌళి గారి "ఈగ" సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో చనిపోయిన కథానాయకుడు ఈగగా పుట్టి పగ తీర్చుకుంటాడు. అంటే మన ఈగ ఒక చోట ఊరక కూర్చొని చూసేది కాదు. వాలుతుంది, విసిగిస్తుంది, ఆఖరికి పగ కూడా తీర్చుకుంటుంది. అందుకే "గోడ మీద ఈగ" అని అనువదిస్తే తెలుగువాడి మనసులో ఇంగ్లీషువాడి బొమ్మ నిలవదు.

మరి ఇంగ్లీషువాడి బొమ్మ ఏమిటి? ఒక గదిలో నలుగురు కూర్చొని ముఖ్యమైన విషయం మాట్లాడుకుంటున్నారు. తలుపు వేసి ఉంది. మనకు లోపలికి ప్రవేశం లేదు. మనిషి వెళితే మాటలు ఆగిపోతాయి. కాని గోడమీద వాలిన ఈగను ఎవరు పట్టించుకుంటారు? అది అంతా చూస్తుంది, అంతా వింటుంది. దాని వల్ల మాట ఆగదు, ఎవరి ప్రవర్తనా మారదు. "అట్లాంటి ఈగనై అక్కడ ఉంటే ఎంత బాగుండును!" అనే కోరికే ఈ నానుడి. ఇది చాలా పురాతనమైనది కాదు. 1920ల నాటి అమెరికా పత్రికల్లో ఇదే అర్థంతో కనిపిస్తుంది.

వాడుకలో గమనించవలసిన విషయాలు మూడు ఉన్నాయి.

మొదటిది, ఇది ఎక్కువగా తీరని కోరికను తెలిపే వాక్యాలలో వస్తుంది. పెళ్ళిచూపులు అయినాయి అనుకోండి. పెద్దలు గదిలో చేరి మాట్లాడుకుంటున్నారు. బయట అమ్మాయి స్నేహితురాలితో అంటుంది, "ఐ విష్ ఐ వర్ ఎ ఫ్లై ఆన్ ది వాల్ ఇన్ దట్ రూమ్". దీన్ని తెలుగులో, "లోపల ఏం మాట్లాడుకుంటున్నారో ఎవరికీ కనబడకుండా వినగలిగితే ఎంత బాగుండును!" అనాలి. "ఐ" పక్కన "వర్" ఎందుకు వచ్చిందని పిల్లలు అడుగుతారు. జరగనిదాన్ని ఊహించి చెప్పేటప్పుడు ఇంగ్లీషులో అలా రాస్తారు. మాట్లాడేటప్పుడు "వాజ్" అని కూడా వినిపిస్తుంది గాని, పరీక్షలో "వర్" రాయడం క్షేమం. జరిగిపోయిన సంగతి అయితే, "ఐ వుడ్ హావ్ లవ్డ్ టు బి ఎ ఫ్లై ఆన్ ది వాల్" అంటారు. నిన్న పంచాయతీ ఆఫీసులో ఏళ్ళ తరబడి మాటల్లేని ఇద్దరు ఎదురుపడ్డారట, నేనక్కడ ఉండి చూసి ఉంటేనా, అన్నట్టు.

రెండవది, ఈ మాటలో దోషం లేదు, నిందా లేదు. వట్టి కుతూహలమే. నవ్వుతూ అనే మాట. కనుక అర్జీలోనో, ఫిర్యాదులోనో, ఆఫీసు ఉత్తరంలోనో దీన్ని వాడకూడదు.

మూడవది, దీన్ని నామవాచకానికి ముందు విశేషణంగా కూడా వాడుతారు. "ఫ్లై ఆన్ ది వాల్ డాక్యుమెంటరీ" అంటే కెమెరా పక్కన నిలిచి, ప్రశ్నలు అడగకుండా, జరిగేదాన్ని జరిగినట్టే పట్టుకునే చిత్రం. 1960లో అమెరికాలో రాబర్ట్ డ్రూ "ప్రైమరీ" అనే చిత్రం తీశాడు. విస్కాన్సిన్ రాష్ట్రంలో కెనడీ, హంఫ్రీ పోటీపడిన ఎన్నిక అందులోని విషయం. 1974లో ఇంగ్లండులో బిబిసివారు రెడింగ్ పట్టణంలోని విల్కిన్స్ అనే సామాన్య కుటుంబం రోజువారీ జీవితాన్ని "ది ఫ్యామిలీ" పేరుతో చూపించారు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ కుటుంబానికి తమ ఇంట్లో కెమెరా ఉందని తెలుసు. వాళ్ళు ఒప్పుకున్న తరువాతనే ఈగ గోడమీద వాలింది. ఈ ఒప్పుకోవడం అనే మాటను కొంచెం గుర్తుంచుకోండి. మళ్ళీ దాని దగ్గరకు వస్తాం.

శ్రోతలారా, చాటున చూడడం, చాటున వినడం అనే పనికి ఇంగ్లీషులో ఈ ఈగ ఒక్కటే కాదు, ఇంకా కొన్ని మాటలున్నాయి. అన్నీ చూడడానికి బంధువులే గాని, గుణాలు వేరు. ఒకదాని చోట ఇంకొకటి పెడితే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను.

నా దగ్గర చదివిన ఒక అబ్బాయి బట్టలు కుట్టే ఒక ఫ్యాక్టరీలో పనికి చేరి, బుద్ధిగా పనిచేసి సూపర్‌వైజరు అయినాడు. కొత్తగా కొందరు ఆడపిల్లలు పల్లెల నుండి పనికి వచ్చారు. వాళ్ళకు మిషను అలవాటు లేదు, బస్సు వేళలు తెలియవు. "వాళ్ళను కొంచెం చూసుకోప్పా" అని మేనేజరు ఇతనికి చెప్పాడు. నాలుగు రోజుల తరువాత ఇతను సెల్‌ఫోనులో ఇంగ్లీషున జవాబు పంపాడు. కొత్త పిల్లలను జాగ్రత్తగా కనిపెట్టి ఉన్నానని చెప్పాలని అతని ఉద్దేశం. రాసింది మాత్రం, "ఐ యామ్ స్పైయింగ్ ఆన్ ది న్యూ గర్ల్స్". అంటే ఆ ఆడపిల్లలను రహస్యంగా గూఢచారిలాగా చూస్తున్నానని!

ఆ మాట పై అధికారుల దాకా పోయింది. అతన్ని పనిలోంచి పక్కకు నిలబెట్టి విచారణ చేశారు. చివరికి ఆ ఆడపిల్లలే ముందుకు వచ్చి, "మా అన్న మాదిరి చూసుకుంటా ఉండాడు" అని చెప్పబట్టి బయటపడ్డాడు. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు. "మిస్, నేను మంచిమాటే రాసినాను గదా, ఎందుకిట్లాయె?" అన్నాడు. కండ్లలో నీళ్ళు తిరిగినాయి. నాకు అతనిమీద జాలి కలిగింది, నామీద నాకే కొంచెం కోపం కూడా వచ్చింది. "స్పై" అనే మాటకు అర్థం తరగతిలో చెప్పాను. దాని గుణం చెప్పలేదు.

అందుకని ఈ రోజు గుణాలే చెబుతాను.

"కీప్ యాన్ ఐ ఆన్" అంటే ఒక కన్ను వేసి ఉంచడం. కనిపెట్టి ఉండడం. పొయ్యిమీద పాలు పొంగకుండా చూడడం మొదలు, చంటిబిడ్డను చూడడం దాకా దీన్ని వాడవచ్చు. సందర్భాన్ని బట్టి అనుమానంతో చూడడానికి కూడా వస్తుంది. "లుక్ ఆఫ్టర్" అంటే చూసుకోవడం, సంరక్షణ. ఇందులో అనుమానానికి చోటు లేదు. ఆ అబ్బాయికి కావలసిన మాట ఇదే. "స్పై ఆన్" అంటే శత్రువును చూసినట్టు దొంగతనంగా కనిపెట్టడం.

తమాషా ఏమంటే, మన రెండు భాషలూ ఈ విషయంలో చాలా సున్నితమైనవి. తెలుగులో "చూడు" వేరు, "చూసుకో" వేరు. కన్నడంలో "నోడు" వేరు, "నోడికో" వేరు. చివర ఒక్క ముక్క చేరగానే కంటి పని కాస్తా బాధ్యత అవుతుంది. ముసలి తల్లిదండ్రులను చూడడానికి వచ్చేవాడు చుట్టం, చూసుకునేవాడు కొడుకు. అదే విధంగా మనం "పొంచి ఉన్నాడు" అంటే మంచి మాట కాదని చిన్నపిల్లవాడికైనా తెలుసు. కన్నడంలో "హొంచు హాకోదు" అంటారు. మన పాలు వాళ్ళకు హాలు, మన పులి వాళ్ళకు హులి, మన పొంచు వాళ్ళకు హొంచు. మాట ఒకటే, దోషమూ ఒకటే. ఇంత తేడా తెలిసినవాళ్ళం ఇంగ్లీషుకు వచ్చేసరికి అన్నిటినీ ఒకటే గాటన కట్టేస్తున్నాం.

ఇంకొక మాట "ఈవ్స్‌డ్రాపింగ్". దీని పుట్టుక మన పల్లెవాళ్ళకు చప్పున అర్థమవుతుంది. "ఈవ్స్" అంటే చూరు. వాన పడితే చూరునీళ్ళు కారే చోటును పాత ఇంగ్లీషువాళ్ళు ఈవ్స్‌డ్రాప్ అనేవారు. ఆ చూరు కింద, గోడకు ఆనుకొని నిలబడి లోపలి మాటలు వినేవాడికి ఆ చోటు పేరే వచ్చింది. అలా విని ఊరంతా చాడీలు చెప్పి తగవులు పెట్టడం ఇంగ్లండులో శతాబ్దాల పాటు నేరంగా ఉండేది. 1967లో ఒక చట్టం ద్వారా ఆ పాత నేరాన్ని రద్దు చేశారు. నేరం పోయినా ఆ మాటకున్న చెడ్డపేరు పోలేదు. ఈగ కావాలని కోరుకున్నానని నవ్వుతూ చెప్పుకోవచ్చు గాని, ఈవ్స్‌డ్రాపింగ్ చేశానని గొప్పగా చెప్పుకునేవారు ఉండరు.

వీటన్నిటికంటే హీనమైనది "పీపింగ్ టామ్". పీపింగ్ అంటే తొంగిచూడడం. టామ్ అనేది ఒక మనిషి పేరు. ఇంగ్లండులో కోవెంట్రీ అనే పట్టణం ఉంది. పదకొండవ శతాబ్దంలో అక్కడి ప్రభువు పన్నులతో జనాన్ని బాధిస్తున్నాడట. అతని భార్య గొడైవా పన్ను తగ్గించమని వేడుకుంది. నువ్వు వస్త్రాలు లేకుండా గుర్రమెక్కి ఊరిలో తిరిగితే తగ్గిస్తానన్నాడు. ఆమె ప్రజలకోసం అందుకు సిద్ధపడింది. ఊరివాళ్ళంతా ఆమె మర్యాదను కాపాడడానికి తలుపులు, కిటికీలు మూసుకున్నారు. టామ్ అనేవాడు ఒక్కడే సందులోంచి తొంగిచూశాడు, వాడి కళ్ళు పోయాయని కథ. గొడైవా చరిత్రలో ఉన్న మనిషే గాని, ఈ సవారీ మాత్రం కథ అని, అందులో టామ్ కొన్ని వందల ఏళ్ళ తరువాత వచ్చి చేరాడని పండితులు అంటారు. ఏమైతేనేం, ఆడవాళ్ళను చాటుగా చూసేవాడికి ఇంగ్లీషులో శాశ్వతంగా ఆ పేరు నిలిచిపోయింది.

ఈ మాట దగ్గర నవ్వుకు తావు లేదు. ఎందుకంటే మన దేశంలో ఇది శిక్షార్హమైన నేరం. ఒక స్త్రీ ఇతరులెవరూ చూడరనే నమ్మకంతో తన ఏకాంతంలో ఉన్నప్పుడు ఆమెను చాటుగా చూడడం, ఫోటో తీయడం, దాన్ని ఇతరులకు పంపడం 2013లో భారత శిక్షాస్మృతిలో ప్రత్యేక నేరంగా చేరింది. 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఇది 77వ సెక్షను. మొదటిసారి నేరానికి ఏడాదికి తగ్గకుండా మూడేళ్ళ వరకు జైలు, జుల్మానా. మళ్ళీ చేస్తే మూడేళ్ళ నుండి ఏడేళ్ళ వరకు. ఫోటో తీయడానికి ఆమె ఒప్పుకున్నా, దాన్ని పదిమందికి పంపడానికి ఒప్పుకోకపోతే, పంపడం నేరమే. ఇప్పుడు పదవ తరగతి పిల్లవాడి చేతిలో కూడా సెల్‌ఫోను ఉంది. తల్లిదండ్రులు ఈ సంగతి మగపిల్లలకు చెప్పాలి. చెప్పడానికి సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ఇంగ్లీషులో ఈగకు తోడు ఇంకొక పురుగు కూడా ఉంది. "బగ్". గదిలోనో, టెలిఫోనులోనో రహస్యంగా పెట్టే చిన్న మైకును ఇంగ్లీషులో బగ్ అంటారు, అంటే పురుగు. ఈగ ఊహ అయితే ఈ పురుగు నిజం. 1972 జూన్‌లో అమెరికా రాజధానిలో వాటర్‌గేట్ అనే భవనంలో ప్రతిపక్షం ఆఫీసులోకి ఇటువంటి సాధనాలతో దూరినవాళ్ళు పట్టుబడ్డారు. ఆ తీగ లాగితే డొంకంతా కదిలింది. 1974 ఆగస్టులో అధ్యక్షుడు నిక్సన్ రాజీనామా చేయవలసి వచ్చింది. అంతదూరం ఎందుకు? మన కర్ణాటకంలోనే టెలిఫోన్లను రహస్యంగా విన్నారన్న ఆరోపణ మీద 1988 ఆగస్టులో ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డేగారు పదవి వదిలారు. ఒక మనిషి తన ఇంట్లో మాట్లాడుకునే మాట ఎంత విలువైనదో ఈ సంగతుల వల్ల తెలుస్తుంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, ఏకాంతం పౌరుని ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పారు. ఆ కేసు వేసినది కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె. ఎస్. పుట్టస్వామిగారు.

అయితే చాటున వినడమంతా చెడ్డదేనా? కాదు. దీనికి నిదర్శనం మన గౌరిబిదనూరులోనే ఉంది.

ఇంగ్లీషులో "కీప్ యాన్ ఇయర్ టు ది గ్రౌండ్" అనే నానుడి ఉంది. నేలకు చెవి ఆనించి ఉండడం. లోకంలో ఏం జరగబోతోందో ముందుగా పసిగట్టేవారిని అలా అంటారు. మన ఊరు ఆ మాటను అక్షరాలా పాటిస్తోంది. 1963లో అమెరికా, రష్యా, బ్రిటన్ దేశాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. గాలిలో, నీటిలో, అంతరిక్షంలో అణుబాంబు పరీక్షలు చేయకూడదన్నది ఆ ఒప్పందం. భూమి లోపల చేయడానికి మాత్రం అడ్డు లేదు. దానితో పరీక్షలు భూగర్భంలోకి దిగాయి. మరి భూమి లోపల ఎవరు ఎక్కడ బాంబు పేల్చారో తెలిసేదెట్లా? దానికోసం 1965లో బ్రిటిష్ అణుశక్తి సంస్థ సహకారంతో గౌరిబిదనూరు దగ్గర భూకంప తరంగాలను పట్టే కేంద్రం ఏర్పడింది. దీన్ని నడిపేది భాభా పరమాణు పరిశోధన కేంద్రం. ఇంగ్లీషు "ఎల్" అక్షరం ఆకారంలో, రెండు బారులుగా, సుమారు ఇరవై పరికరాలను పాతారు. మన నేలలోని గట్టి రాయి, పెద్ద నగరాల రొద లేకపోవడం ఇందుకు కలిసివచ్చాయి.

ఇది పనిచేసే తీరు చెబుతాను. ఎక్కడో వేల మైళ్ళ దూరంలో భూమి కదిలితే ఆ అల రాళ్ళగుండా ప్రయాణం చేసి ఇక్కడికి వస్తుంది. ఒక్కో పరికరాన్ని ఒక్కో క్షణంలో తాకుతుంది. ఆ క్షణాల తేడాను లెక్కగట్టి అల ఏ దిక్కునుండి వచ్చిందో చెప్పవచ్చు. భూకంపానికి, బాంబుకు కూడా తేడా తెలుస్తుంది. భూకంపంలో రాతి పలకలు ఒకదానిమీద ఒకటి జారుతాయి. అందువల్ల మొదటి కదలిక కొన్ని దిక్కులకు తోపుగా, కొన్ని దిక్కులకు లాగినట్టుగా పోతుంది. బాంబు అయితే అన్ని దిక్కులకూ ఒకేసారి తోస్తుంది. తలుపులు వేసుకొని చేసిన పని ఈ విధంగా బయటపడుతుంది.

ఇక్కడే ఇంకొక మౌన సాక్షి కూడా ఉంది. భారత ఖగోళ భౌతిక సంస్థ, రామన్ పరిశోధన సంస్థ కలిసి 1976లో నెలకొల్పిన రేడియో టెలిస్కోపు. ఇది "టి" అక్షరం ఆకారంలో ఉంటుంది. అందులో వెయ్యి ఏరియళ్ళను నిలబెట్టారు. సూర్యుని నుండి, నక్షత్ర మండలాల నుండి సహజంగా వచ్చే రేడియో తరంగాలను అది వింటుంది. తాను ఒక్క మాట కూడా పంపదు. అది విన్నందువల్ల సూర్యునికి వచ్చిన నష్టం లేదు. గోడమీద ఈగ అనే మాటకు ఇంతకంటే చక్కని ఉదాహరణ నాకు కనిపించలేదు.

మరి ఏది మంచిది, ఏది చెడ్డది అని తేల్చేది ఎట్లా? దీనికి కొలత మన పెద్దల కథల్లోనే ఉంది. వాల్మీకి రామాయణం సుందరకాండలో హనుమంతుడు లంకలో ప్రవేశించేముందు తన శరీరాన్ని చిన్నదిగా చేసుకుంటాడు. సీతను వెతుకుతూ రాత్రివేళ రావణుని అంతఃపురంలో నిద్రిస్తున్న స్త్రీలను చూస్తాడు. అప్పుడు ఆయనకు శంక పుడుతుంది. పరస్త్రీలను ఇట్లా నిద్రలో చూడడం ధర్మానికి హాని కాదా అని. స్త్రీని స్త్రీల మధ్యనే కదా వెతకాలి, నా మనసులో ఏ వికారమూ లేదు అని తనను తాను పరీక్షించుకొని ముందుకు పోతాడు. తరువాత అశోకవనంలో శింశుపా వృక్షం ఆకుల చాటున కూర్చొని రావణుడు సీతను బెదిరించడం అంతా చూస్తాడు, వింటాడు. పని తీరాక దాక్కునే ఉండడు. మెల్లగా రామకథ చెబుతూ ఆమెకు తనను తాను తెలుపుకుంటాడు.

మన తాలూకాలోని విదురాశ్వత్థం పేరు వినగానే మనకు 1938 ఏప్రిల్ 25న జెండా కోసం ప్రాణాలిచ్చినవారు గుర్తుకు వస్తారు. ఆ ఊరి పేరు విదురుని మీద వచ్చింది. అక్కడి అశ్వత్థ వృక్షం విదురుడు నాటినదని మనవాళ్ళ నమ్మకం. ఆ విదురుడే దుర్యోధనుని లక్క ఇంటి కుట్రను పసిగట్టి, పక్కవాళ్ళకు తెలియని మాటల్లో ధర్మరాజును హెచ్చరించాడు. సొరంగం తవ్వడానికి నమ్మకమైన మనిషిని పంపాడు. ఆయన రహస్యం తెలుసుకున్నది ఇతరుల ప్రాణం నిలపడానికి.

కాబట్టి శ్రోతలారా, చాటున చూసే కన్ను అన్నిచోట్లా ఒకటే. ఎందుకు చూస్తున్నావు, ఎవరికి మేలు, చూడబడేవారు ఒప్పుకున్నారా, పని అయ్యాక ఎదుట నిలబడి చెప్పగలవా అన్నదాన్ని బట్టి ఆ పనికి పేరు మారుతుంది. వట్టి కుతూహలంతో ఊహించుకుంటే ఫ్లై ఆన్ ది వాల్. చూరు కింద నిలబడి వింటే ఈవ్స్‌డ్రాపింగ్. చెడ్డ బుద్ధితో తొంగిచూస్తే పీపింగ్ టామ్. దొంగ మైకు పెడితే బగ్. శత్రువును కనిపెట్టినట్టు చూస్తే స్పై. జాగ్రత్తకోసం కన్ను వేసి ఉంచితే కీప్ యాన్ ఐ ఆన్. బాధ్యతతో చూసుకుంటే లుక్ ఆఫ్టర్. ఇంగ్లీషు రాసేటప్పుడు మాటకు అర్థం వెతికే ముందు, మనం చెప్పదలచుకున్న ఉద్దేశం ఏమిటో ముందు మన భాషలో స్పష్టంగా అనుకోవాలి. "చూస్తున్నాను" అనాలా, "చూసుకుంటున్నాను" అనాలా అని ఒక్క క్షణం ఆగితే చాలు. సరైన ఇంగ్లీషు మాట దగ్గరకే వస్తుంది.

నేను చెప్పిన ఆ అబ్బాయి ఇప్పుడు అదే ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. ఇంగ్లీషులో ఏదైనా రాయవలసి వస్తే ముందు తెలుగులో ఒక కాగితం మీద రాసుకుంటాడట. గోడమీది పిల్లి అన్న ఆ పిల్ల పదవ తరగతికి వచ్చింది. మొన్న నా దగ్గరకు వచ్చి, "మిస్, పరీక్ష పేపరు తయారు చేసేటప్పుడు మీ గోడమీద ఈగ అయ్యుంటే బాగుండును" అంది.

ఆమెకు నానుడి వచ్చేసింది. ఇంక పాఠం చదవడమే మిగిలింది.